గోడ మీద మరిచిన గాజుగొట్టం

ఆవిడ అసలు పేరు ఆ వీధిలో సగం మందికి తెలియదు. నీటి సరఫరా శాఖలో ముప్పై ఒక్క ఏళ్ళు పనిచేసింది. వీధి చివర కొళాయిల దగ్గర వేలెడంత గాజుగొట్టంలో నీళ్ళు పట్టి, మందు చుక్కలు వేసి, రంగు చూసి రిజిస్టరులో రాసుకోవడం ఆవిడ ఉద్యోగం. రంగు తేలితే నీళ్ళలో క్లోరిన్ ఉన్నట్టు, తేలకపోతే లేనట్టు. అలా చుక్కలక్క అయింది. తరవాత చుక్కల సీసాలు పోయి మాత్రలొచ్చాయి. పేరు మారలేదు. మాత్రలక్క అంటే ఏదో జబ్బు మనిషిని పిలిచినట్టుంటుంది, ఇదే బావుందిలే అనేది ఆవిడ.

ఊరికి మంచినీళ్ళు ఎవరిస్తున్నారంటే శిలాఫలకం మీద పేర్లు చూపిస్తారు. ఆ ఫలకం మీద లేనివాళ్ళు ఇంకో పన్నెండు మంది ఉండేవారు, రోజుకి మనిషికి నలభై రెండు కొళాయిల చొప్పున తిరిగేవాళ్ళు. అందులో చుక్కలక్క ఒకతె. మొదటి ఇరవై రెండేళ్ళూ కాంట్రాక్టు మనిషే. మందు తగిలి వేళ్ళ చర్మం ఊడుతుంటే చేతి తొడుగులు కావాలని అడిగారు. ఇవ్వలేదు. పన్నెండు మందీ ఖాళీ సీసాలు ఒళ్ళో పెట్టుకుని ఆఫీసు మెట్ల మీద కూర్చున్నారు. పై అధికారులు వాళ్ళ కాళ్ళ పక్కనుంచి ఒద్దికగా అడుగులేసుకుంటూ లోపలికి వెళ్ళాల్సి వచ్చింది. మూడో రోజుకి తొడుగులొచ్చాయి. ఉద్యోగం పర్మినెంటు కావడానికి మాత్రం ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది.

పదవీ విరమణ రోజున ఇచ్చిన గోడగడియారం ఎక్కడుందో ఆవిడకే తెలియదు. గాజుగొట్టాలూ, మాత్రల పెట్టే మాత్రం వంటింటి అలమరలో అందుబాటులో ఉంటాయి. ఊళ్ళో పారే నీళ్ళని ఆవిడ ఇప్పటికీ ‘నా నీళ్ళు’ అంటుంది. ఎవరైనా కొళాయి నీళ్ళు వాసనొస్తున్నాయంటే చాలు, ముక్కు మీద కోపం దిగి కూర్చుంటుంది.

ఆవిడ భర్త ఒక పెద్ద హోటల్లో తోటమాలి. నోట్లో నాలుక లేని మనిషి. మొక్కతో మాట్లాడినంతసేపు మనిషితో మాట్లాడడు. ఏడేళ్ళ కిందట ఆ హోటల్ని ఒక్క రోజులో మూసేశారు. పొద్దున్నే గేటుకి ఒక కాగితం అంటించి ఉంది, నూట పది మంది దాన్ని చదువుకుని ఇంటికి వెళ్ళిపోయారు. లాబీలో ఉన్న కొలనులోని కోయ్ అనే రంగు చేపలకైతే ఆ కాగితం కూడా లేదు. కొలను ఎండగొట్టి, చేపల్ని చెత్తబండిలో వేయమన్నారట. తోటమాలి జీవితంలో మొదటిసారి ఒక పని ఎవరినీ అడక్కుండా చేశాడు. రంగు డబ్బాలు కడిగి, వాటిలో ఏడు చేపల్ని వేసుకుని, అద్దె వ్యానులో ఇంటికి తీసుకొచ్చేశాడు. చుక్కలక్క తలుపు తీసి, డబ్బాల్లోకి తొంగిచూసి, ఉద్యోగం పోయిందా అని అడిగింది. పోయిందన్నాడు. సరే, ముందు వీటికి చోటు చూద్దాం పదండి అంది.

పెరట్లో ఇద్దరూ కలిసి పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, ఛాతీ లోతు గుంట తవ్వారు. సిమెంటు పూత ఆయన, నీళ్ళ వ్యవహారం ఆవిడ. నీలం రంగు డ్రమ్ములో గులకరాళ్ళు, స్పాంజీలు నింపి ఫిల్టరు చేసింది ఆవిడే. దాన్నుంచి నీళ్ళు చిన్న గొట్టంలో ధార కట్టి కొలనులో పడతాయి. క్లోరిన్ చేపలకి పడదని ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. అందుకే శుక్రవారం పక్కనున్న తొట్టిలో కొళాయి నీళ్ళు పట్టి, మూత లేకుండా రెండు రోజులు ఉంచుతుంది. క్లోరిన్ గాలికి పోతుంది. ఆదివారం కొలనులో మూడో వంతు నీళ్ళు తీసి, ఆ తొట్టి నీళ్ళు నింపుతుంది. ఏడేళ్ళలో ఒక్క ఆదివారం తప్పలేదు, ఒక్క చేపకి జలుబు కూడా చేయలేదు అని చెప్పుకునేది.

ఏడింటిలో పెద్దది నారింజ, తెలుపు మచ్చలది. దాని పేరు మేనేజరు. హోటల్ మేనేజరుకి లాగే దానికీ నడినెత్తిన గుండ్రటి తెల్ల మచ్చ ఉంది. అయితే ఈ మేనేజరు ఆ మేనేజరు కన్నా నయం, ఎదురొచ్చి పలకరిస్తాడు అంటాడు తోటమాలి. పొద్దున్నే ఆయన చెయ్యి నీళ్ళలో పెడితే అది వచ్చి అరచేతిలో మూతి పెట్టి గింజలు తీసుకుంటుంది. హోటలు పోయాక రెండేళ్ళు ఆయన ఎక్కడా కుదురుకోలేదు. ఆ రెండేళ్ళూ ఆయన్ని పక్క మీద నుంచి లేపింది ఆ మూతే.

అలాంటి మేనేజరు ఒక సోమవారం పొద్దున చేతి దగ్గరికి రాలేదు.

ధార పడే చోట, నీటి పైన నోరు తెరిచి మూస్తూ నిలబడింది. మిగతావీ దాని చుట్టూ చేరాయి. ఒంటి మీద పాలు పోసినట్టు తెల్లటి జిగురు. రెక్కల్లో ఎర్రటి గీతలు. చిన్నవి రెండు దురద పుట్టినట్టు గోడకేసి ఒళ్ళు రుద్దుకుంటున్నాయి. తోటమాలి కాసేపు చూసి, లోపలికొచ్చి, చేపలకి బాగోలేదు అన్నాడు.

చుక్కలక్క కాఫీ గ్లాసు పక్కన పెట్టి, పెట్టె తీసుకుని పెరట్లోకి నడిచింది. గాజుగొట్టంలో కొలను నీళ్ళు పట్టింది, మాత్ర వేసింది, బొటనవేలితో మూసి ఊపింది, వెలుగుకి ఎత్తి చూసింది. రంగు లేదు. తొట్టి నీళ్ళు పట్టింది. రంగు లేదు. రెండు గొట్టాలూ గులాబీ మొక్క మొదట్లో పారబోసింది. ముప్పై ఒక్క ఏళ్ళ అలవాటు అది, మాత్ర, ఊపు, చూపు, పారబోత. ఒక్కో కొళాయి దగ్గర ఐదు నిమిషాలు నిలబడితే చీకటి పడేసరికి సగం వీధులు మిగిలిపోయేవి. ఇద్దరు చేయాల్సిన పని ఒకరికి అప్పగించినవాళ్ళు, చేతుల్ని అలాగే తయారుచేస్తారు.

నీళ్ళు శుభ్రంగా ఉన్నాయి అని తేల్చేసింది. నీళ్ళు కాకపోతే తిండి. తిండి పెట్టేది ఎవరు? తోటమాలి. ఆయన గుప్పిళ్ళతో పోసి వాటి పొట్టలు పాడుచేశాడని అక్కడికక్కడే తీర్పు చెప్పి, గింజల డబ్బా తీసుకెళ్ళి బీరువా పైన పెట్టింది. ఆయన తన అరచేయి ఒకసారి చూసుకున్నాడు.

పక్కింట్లో ఆయన చెల్లెలు ఉంటుంది. కర్టెన్లు కుట్టే పని. మిషను కిటికీ పక్కనే, కిటికీ ఈ పెరటి గోడ పక్కనే. అందుకని ఈ ఇంట్లో జరిగేవన్నీ ఆవిడ కుట్టుకింద పడుతుంటాయి. వదినా మరదళ్ళిద్దరికీ ఒక పూట మాటలు లేకపోతే ఒంట్లో బాగోలేదనుకోవాలి.

“మా అన్నయ్య చేతి తిండి తిని ఏడేళ్ళు బతికాయి వదినా,” అంది కిటికీలోంచి. “ఏడేళ్ళు మంచి చెయ్యి, ఈవేళ పొద్దున్న చెడ్డ చెయ్యి అయిపోయిందా? నీ నీళ్ళు కూడా ఒకసారి చూసుకో.”

“చూశాను. సున్నా.”

“నీ నీళ్ళకి నువ్వే పరీక్ష పెట్టి, నువ్వే దిద్ది, నువ్వే ఫస్టు మార్కు వేసుకుంటే ఎలా?”

చుక్కలక్క ఆ మాట చెవిన వేసుకోలేదు. కానీ బుధవారానికి చేపలు ఇంకా నీరసపడ్డాయి. పశువుల డాక్టరమ్మకి కబురు వెళ్ళింది. ఆవిడ ఎక్కువగా చూసేది గేదెల్నీ కుక్కల్నీ. అయినా చేపలంటే ఇష్టం ఉండి చదువుకున్నానని చెప్పి, మైక్రోస్కోపు సంచిలో పెట్టుకుని వచ్చింది. తోటమాలి తడి తువ్వాలులో మేనేజరుని పట్టుకున్నాడు. డాక్టరమ్మ దాని ఒంటి జిగురు కొంచెం గీకి గాజుపలక మీద పూసి, పెరటి అరుగు మీదే కూర్చుని చూసింది. పురుగులు లేవు, బూజు లేదు అంది. తరవాత మొప్ప పైకెత్తి చూపించింది. ఎర్రగా దువ్వెన పళ్ళలా ఉండాల్సినవి అంచుల్లో మాడినట్టు, ఒకదానికొకటి అంటుకుపోయి ఉన్నాయి.

“ఇది తిండి వల్ల వచ్చేది కాదమ్మా,” అంది. “మొప్పలు కాలినట్టున్నాయి. నీళ్ళలోనే ఏదో ఉంది.”

తోటమాలి తన భార్య వంక చూడలేదు. కిటికీలో మిషను ఆగిపోయింది. చుక్కలక్క మొహం ఎర్రబడింది. తను ఎవరో, ఎన్నేళ్ళు ఆ నీళ్ళు చూసిందో డాక్టరమ్మకి వివరంగా చెప్పి, ఆవిడ కళ్ళ ముందే ఇంకోసారి పరీక్ష చేసి చూపించింది. రంగు లేదు. గొట్టం గులాబీ మొదట్లో ఖాళీ అయింది. డాక్టరమ్మ కూడా ఆలోచనలో పడింది. క్లోరిన్ కాకపోతే పక్కింటి పురుగుమందో, గాలికి కొట్టుకొచ్చినదో అయుండాలి అంది. ఏదైనా సరే, దాన్ని పల్చన చేయడం మంచిదని, ఈసారి మూడో వంతు కాకుండా సగం నీళ్ళు మార్చమని చెప్పింది. చెప్పినదాంట్లో తప్పేం లేదు. ఎవరైనా అదే చెబుతారు.

తొట్టి నింపి, రెండు రోజులు ఆగి, శుక్రవారం సాయంత్రం సగం కొలను ఖాళీ చేసి మంచినీళ్ళు నింపింది చుక్కలక్క. అంచులు తుడిచింది. నీళ్ళు అద్దంలా ఉన్నాయి. రేపటికి చూడండి ఎలా తిరుగుతాయో అంది భర్తతో.

శనివారం పొద్దున్న తెల్లచేప పైకి తేలి ఉంది. ఏడింట్లోకీ చిన్నది అది. మేనేజరు ధార కింద పక్కకి ఒరిగిపోయి, పైకి ఉన్న ఒక్క మొప్పనే ఆడిస్తోంది.

తోటమాలి చొక్కా కూడా విప్పలేదు. కొలనులోకి దిగిపోయాడు. ఛాతీ లోతు నీళ్ళలో నిలబడి, రెండు చేతులూ మేనేజరు పొట్ట కింద పెట్టి నిటారుగా నిలబెట్టి, ధారకి ఎదురుగా మెల్లగా ముందుకీ వెనక్కీ నడిపించసాగాడు, మొప్పల్లోకి నీళ్ళు వెళ్ళాలని. వదిలితే ఒరిగిపోతోంది. అందుకని వదల్లేదు. ఆయన పెదాలు కదులుతున్నాయి. దానితో ఏం మాట్లాడుతున్నాడో గట్టు మీదికి వినపడలేదు.

చేతకానప్పుడు మనిషి తెలిసిన పనే చేస్తుంది. చుక్కలక్క పెట్టె తెచ్చింది, గొట్టంలో నీళ్ళు పట్టింది, మాత్ర వేసి ఊపింది. రంగు లేదు. పారబోయబోతుంటే పక్కింటి నుంచి మరదలు కేక వేసింది. వాళ్ళాయన ఒకప్పుడు పెంచిన అక్వేరియంలోని గాలి మోటారు అటక మీద ఉందట, నిచ్చెన పట్టుకునేవాళ్ళు కావాలి, పరిగెత్తి రమ్మని. చుక్కలక్క గొట్టాన్ని అలాగే గోడ మీద నిలబెట్టి పరిగెత్తింది.

అటక మీద పాత గుడ్డల మూటలు నాలుగు కదిలిస్తే గానీ మోటారు దొరకలేదు. దుమ్ము దులిపి, వైరు సరిచూసి, ఇద్దరూ దాన్ని మోసుకుంటూ వచ్చేసరికి పది నిమిషాలు దాటింది. గోడ దగ్గర మరదలు ఆగింది.

“వదినా, ఇందులో ఏం రంగు కలిపావు?”

గాజుగొట్టంలో నీళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి.

చుక్కలక్క మోటారు కింద పెట్టింది. గొట్టాన్ని వెలుగుకి ఎత్తింది. ముప్పై ఒక్క ఏళ్ళలో వెయ్యిసార్లు కాదు, లక్షసార్లు చూసిన రంగు. కానీ ఆ రంగు ఎప్పుడూ వేసిన క్షణంలోనే తేలేది. నిద్రలేచి బద్ధకంగా వచ్చినట్టు ఇంత ఆలస్యంగా వచ్చిన రంగుని చూడటం అదే మొదలు. పెట్టె అడుగున ఇంకో మాత్రల కాగితం ఉంది, రెండో మాత్ర. క్లోరిన్ ఒంటరిగా కాకుండా అమ్మోనియాతో కలిసి ఉంటే దాన్ని పట్టుకునే మాత్ర అని శిక్షణలో ఒకసారి చెప్పారు. మన ఊరికి దాని అవసరం లేదని అదే రోజు చెప్పారు. అందుకే ఆ కాగితం ఒక్కచోటా చిరగలేదు. ఆవిడ కొలను నీళ్ళు కొత్తగా పట్టి, మొదటి మాత్ర వేసింది. రంగు లేదు. రెండోది చింపి వేసింది. ఊపకముందే గొట్టం గులాబీ రంగుకి తిరిగింది.

“ఏమైంది?” అన్నాడు తోటమాలి నీళ్ళలోంచి.

ఆవిడ గొట్టాన్ని గోడ మీద పెట్టింది. నీళ్ళలో అమ్మోనియా కలిపిన క్లోరిన్ ఉంది, అది రెండు రోజులు కాదు, రెండు వారాలు ఉంచినా గాలికి పోదు, వారం వారం తనే దాన్ని తెచ్చి పోసింది, నిన్న సగం కొలను నింపింది అని ఒక్కొక్క ముక్కా గోడకి చెబుతున్నట్టు చెప్పింది. మరదలు మోటారు ఎత్తి కొలను గట్టు మీద పెట్టింది. అన్నకన్నా వదినే ఆవిడకి బాగా తెలుసు. ఏ మాట ఎప్పుడు అనకూడదో కూడా తెలుసు.

తరవాత చుక్కలక్క ఆగలేదు. లాబ్‌కి పంపే నీళ్ళ సీసాల్లో చిటికెడు తెల్లటి పలుకులు ముందే వేసి ఉంచేవారు. దారిలో క్లోరిన్ విరిగిపోయి, నీళ్ళలో క్రిములుంటే బతికి బయటపడాలని. ఆ సీసాలు మోసి మోసి ఆవిడ భుజం ఒక పక్కకి వంగింది. ఆ పలుకుల్ని మందుల రసాయనాల దుకాణంలో హైపో అంటారు. ఫోటోలు కడిగే రోజుల్లో స్టూడియోల వాళ్ళు కొనేవారు. చెప్పులు కూడా సరిగా తొడుక్కోకుండా నాలుగు వీధులవతలి దుకాణానికి వెళ్ళి, ఒక పొట్లం తెచ్చింది. కొలను కొలత, రంగు చూపించిన మోతాదు వేళ్ళ మీద లెక్కవేసి, బకెట్టు నీళ్ళలో కరిగించి, కొంచెం కొంచెంగా కొలను చుట్టూ తిరుగుతూ పోసింది. తోటమాలి నీళ్ళలోనే ఉన్నాడు. ఆయన చుట్టూ కూడా పోసింది. మరదలు గాలి మోటారు తగిలించింది. అడుగు నుంచి బుడగలు మరుగుతున్నట్టు పైకొచ్చాయి.

అరగంట ఆగి మళ్ళీ పరీక్ష. మొదటి మాత్ర, రెండో మాత్ర, తరవాత గోడ మీద పెట్టి, ఈసారి దాని పక్కనే నిలబడింది. ఐదు నిమిషాలు. పది నిమిషాలు. గొట్టంలో నీళ్ళు నీళ్ళలాగే ఉన్నాయి.

మధ్యాహ్నానికి తోటమాలి వేళ్ళు మడతలు పడిపోయాయి. భోజనానికి రమ్మంటే రాలేదు. రెండు గంటలప్పుడు, ఆయన చేతుల్లో ఉన్న మేనేజరు ఒక్కసారి తోక విదిల్చింది. ఆయన చేతులు సడలించాడు. అది ఒరగలేదు. నిలబడింది. ఒక అడుగు ముందుకి వెళ్ళి, ధార కింద ఆగింది. ఆయన గట్టెక్కి, ఒణుకుతూ, తువ్వాలు కప్పుకుని కూర్చుని, అప్పుడు ఏడ్చాడు. చుక్కలక్క పక్కన కూర్చుంది. తెల్లచేపని ఇద్దరూ గులాబీ మొక్క మొదట్లో పెట్టారు.

సోమవారం పొద్దున్నే ఆవిడ నీటి శుద్ధి కేంద్రానికి బస్సెక్కింది. చేతిసంచిలో రెండు గాజుగొట్టాలు, మాత్రలు. లాబ్ పెద్దగా ఇప్పుడున్నాయన ఉద్యోగంలో చేరిన కొత్తలో సీసాకి చీటీ అంటించడం కూడా ఈవిడ దగ్గరే నేర్చుకున్నాడు. ఇప్పటికీ అక్కా అని లేచి నిలబడతాడు. ఆవిడ కూర్చోకుండా ఆయన బల్ల మీదే కొళాయి నీళ్ళతో రెండు మాత్రలూ వేసి చూపించింది. లాబ్ సారు నీళ్ళు నమిలాడు. నెలరోజుల నుంచి అమ్మోనియా కలుపుతున్నామని ఒప్పుకున్నాడు. మనుషులు తాగడానికి ఏ ఇబ్బందీ లేదని, ఊరు పెరిగి పైపులు పొడుగయ్యాక, ఒట్టి క్లోరిన్ చివరి వీధులకి చేరకముందే చచ్చిపోతోందని, ఇదైతే చివరిదాకా నిలబడుతుందని చెప్పాడు. చెప్పి, బీరువాలోంచి పాత రిజిస్టర్లు నాలుగు తీసి ఆవిడ ముందు పెట్టాడు.

“అక్కా, చివరి కొళాయి దగ్గర రంగు లేదు, రంగు లేదు అని పదేళ్ళు రాసింది మీరే. పెద్ద ఆఫీసు వాళ్ళకి ఇవి చూపించే ఈ పద్ధతి తెప్పించాం.”

ఆవిడ తన అక్షరాలు తనే చూసుకుంది. పదేళ్ళు మొత్తుకుంటే ఎవరూ వినలేదనుకుంది. విన్నారు. ఊరి చివర ఇళ్ళలో పిల్లలకి విరేచనాలు తగ్గుతాయి. అది మంచి పని. తనే అడిగిన మంచి పని, తిరిగొచ్చి తన పెరట్లో పడింది. ఆవిడకి నవ్వొచ్చింది. నవ్వుతూనే అడగాల్సింది అడిగింది. కిడ్నీ ఆసుపత్రికి చెప్పారా అంది. రక్తం శుభ్రం చేసే మిషన్లకి ఈ నీళ్ళు నేరుగా పడవని ఆవిడకి తెలుసు. చెప్పామన్నాడు, ముందే ఉత్తరం వెళ్ళింది, వాళ్ళు ఫిల్టర్లు మార్చుకున్నారు. మరి చేపలు పెంచేవాళ్ళకి? వెబ్‌సైటులో పెట్టాం అక్కా అన్నాడు. ఎక్కడ పెట్టారో చూపించమంది. ఇద్దరూ కంప్యూటరు ముందు కూర్చుని వెతికితే పావుగంట పట్టింది. నూట నలభై పేజీల నివేదికలో తొంభై ఆరో పేజీ.

“చెప్పడమంటే అవతలి మనిషికి తెలియాలయ్యా,” అంది. “ఇది చెప్పడం కాదు. బీరువాలో పెట్టి తాళం వేసుకోవడం.”

కొళాయిల దగ్గర కాగితాలు అంటించమంది. ప్రకటన అంటించాలంటే పెద్ద ఇంజనీరు సంతకం కావాలన్నాడు. ఆవిడ ప్రకటన అక్కడే రాసింది, ఆఫీసు భాషలో కాకుండా మనుషుల భాషలో. నీళ్ళలో ఏం కలుపుతున్నారు, ఎందుకు, తాగేవాళ్ళకి భయం లేదని, చేపలున్న తొట్టెలో పోసేముందు హైపో కలపాలని, ఎంత నీటికి ఎంతని. చివరి వాక్యం, ఈ మార్పు ముందుగా చెప్పనందుకు మమ్మల్ని క్షమించండి. సంతకం అయ్యేదాకా ఉంటానని వరండా బెంచీ మీద కూర్చుంది. ఆవిడ బెంచీ దాటి మెట్ల దాకా వెళ్ళకముందే సంతకం పెట్టండి సార్ అని లోపల ఎవరో పాతవాళ్ళు అన్నారట. గంటలో కాగితం తిరిగొచ్చింది. ఒక్క వాక్యం కొట్టేసి ఉంది. ఏ వాక్యమో చెప్పక్కర్లేదు.

ఆవిడ ఒకప్పుడు తిరిగిన నలభై రెండు కొళాయిలకీ నలభై రెండు కాగితాలు. ఎవరో వచ్చి అంటిస్తారులే అన్నా వినకుండా, మర్నాడు ఆవిడే బయల్దేరింది. జిగురు డబ్బా, బ్రష్షూ తోటమాలి పట్టుకున్నాడు. ప్రతి కాగితం కిందా, కొట్టేసిన వాక్యం పెన్నుతో మళ్ళీ రాసి మరీ అంటించింది. తప్పు చేసినవాళ్ళు ఆ ఒక్క మాట అనడానికి అంత బరువేమిటని దారంతా అంటూనే ఉంది. ఎదురొచ్చినవాళ్ళకి ఆగి చెప్పింది. ఒకాయన తన అక్వేరియంలో చేపలు ఎందుకు పోతున్నాయో ఇప్పుడర్థమైందన్నాడు. ఒక ముసలావిడ, మా మనవరాలు తాబేలుని పెంచుతోంది, దానికీ ఇదేనా అని అడిగింది. డాక్టరమ్మని అడిగి చెబుతానంది చుక్కలక్క.

ముప్పయ్యో కొళాయి దగ్గర ఆవిడ ఆ వాక్యం రాస్తుంటే, తోటమాలి బ్రష్షు డబ్బాలో ముంచి, పైకి తీసి, అన్నాడు.

“ఆఫీసు వాళ్ళ చేత అనిపించావు. బావుంది.”

అంతే అన్నాడు. మాటలో పుల్లవిరుపు లేదు. కాగితం వెనక జిగురు పూసి అందించాడు. ఆవిడ పెన్ను ఒక్క క్షణం ఆగి, మళ్ళీ కదిలింది. మిగిలిన పన్నెండు కొళాయిల దగ్గరా తప్పు చేసినవాళ్ళ గురించి ఉపన్యాసం వినపడలేదు.

ఇంటికొచ్చాక స్టూలెక్కి బీరువా పైనుంచి గింజల డబ్బా దింపింది. మందు పడ్డాక మూడు రోజులు తిండి పెట్టకూడదంది డాక్టరమ్మ. ఈరోజు నాలుగోది. తోటమాలి కొలను గట్టు మీద కాళ్ళు కడుక్కుంటున్నాడు. ఆరు చేపలూ నీటి మధ్యలో తిరుగుతున్నాయి, ధార దగ్గర ఎవరూ లేరు. ఒంటి మీద జిగురు పల్చబడి, మేనేజరు నెత్తి మచ్చ మళ్ళీ మెరుస్తోంది.

ఆవిడ డబ్బా ఆయన చేతిలో పెట్టింది.

“మీ చెయ్యి మంచిదే. తప్పు నాది.”

ఆయన డబ్బా మూత తీస్తూ, “నీది కాదులే, నీళ్ళది,” అన్నాడు.

“నా నీళ్ళేగా.”

“అవుననుకో.”

ఇద్దరికీ నవ్వొచ్చింది. పక్కింటి కిటికీలో మిషను ఆగింది. మా వదిన తప్పు ఒప్పుకుంది, ఈ రోజు తారీఖు ఎవరైనా రాసుకోండి అని వినపడింది. ముందు నీ కర్టెన్ల అంచులు తిన్నగా కుట్టుకో అంది చుక్కలక్క. మిషను మళ్ళీ మొదలైంది.

తోటమాలి ఇరవై గింజలు లెక్కపెట్టి అరచేతిలో వేసుకుని, చెయ్యి నీళ్ళలో పెట్టాడు. ఆవిడ గొట్టంలో నీళ్ళు పట్టి, రెండు మాత్రలూ వేసి, గోడ మీద నిలబెట్టింది. పారబోయలేదు. పక్కనే కూర్చుంది. ఈ వయసులో ఆవిడ కోసం ఎదురుచూసే కొళాయి ఇంకెక్కడా లేదు, ఐదు నిమిషాలు ఉన్నాయి. మేనేజరు మెల్లగా ఒక చుట్టు తిరిగి, ఆగి, ఆలోచించి, వచ్చి ఆయన అరచేతిలో మూతి పెట్టింది.